ఎడమ చేతి దెబ్బ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధి చివర చేపలమ్మే ఆవిడతో సహా అందరూ అంటారు. కాదనను. కానీ ఆ సోమవారం పొద్దున నామ్‌ని నా స్టూడియోలోంచి మెట్లెక్కించి వీధిలోకి గెంటకుండా ఊరుకున్నానంటే, నాలో ఎంతో కొంత ఓర్పు కూడా ఉందని ఒప్పుకోవాలి.

నామ్ ఒక చిన్న రికార్డు కంపెనీలో టీమ్ లీడరు. ముప్పై ఆరేళ్ళవాడు, మర్యాదస్తుడు, నడుం విరిగేలా వంగి దండం పెడతాడు. ఒక్కటే లోపం, పాటని కళ్ళతో వింటాడు.

"మేడమ్, స్నేర్ సరిగ్గా లేదండీ," అన్నాడు కంప్యూటర్ తెర మీద దెబ్బ దెబ్బకీ లేచే గీతల మీద వేలు పెట్టి. "ఇదిగో, ఇక్కడ పొడుగ్గా ఉంది. ఇక్కడ చూడండి, సగం కూడా లేదు. ఇక్కడైతే అసలు లేనే లేదు."

"ఉంది. విను."

"విన్నానండీ. కనబడట్లేదు."

స్నేర్ అంటే డ్రమ్మరు మోకాళ్ళ మధ్య ఉండే చిన్న డ్రమ్ము. అడుగున సన్నటి తీగలు బిగించి ఉంటాయి. వినేవాళ్ళు చప్పట్లు కొట్టే చోటల్లా ఎడమ చెయ్యి దాని మీద పడాలి. ఆ దెబ్బ పడకపోతే పాటకి నడుము ఉండదు. మా పాటలో ఆ దెబ్బ ఒక్కోచోట గట్టిగా, ఒక్కోచోట మెల్లగా పడింది. ఎందుకంటే అది ఓమ్ దల్సిక్ గారి ఎడమ చెయ్యి. ఆయనకి డెబ్బై అయిదేళ్ళు. రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి ఆ చెయ్యి పడిపోయింది. పడిపోయిన చేతిని ఆయన ఏడాదిన్నర పాటు రోజూ పొద్దున్నే బియ్యం బస్తా మీద పుల్లతో కొట్టి కొట్టి లేపుకున్నారు. ఈ ఊళ్ళో యాభై ఏళ్ళు ఎవరెవరి రికార్డుల్లోనో వాయించారు, ఒక్క అట్ట మీద కూడా ఆయన పేరు లేదు. అప్పట్లో డ్రమ్మర్ల పేర్లు వేసేవారు కాదు. ఇప్పుడు మొదటిసారి ఆయన పేరు మీద, ఆయన పాత స్నేహితులతో కలిసి ఒక రికార్డు వస్తోంది. ఆరు పాటలు, ముందుగా తేల్చాల్సింది ఇది. పోయిన వారం మూడు రోజులు నా దగ్గరే రికార్డు చేశాం.

"ఏం చేద్దామంటావు?" అన్నాను. తెలిసే అడిగాను.

"ఏముందండీ, ఎడమ చేతి దెబ్బలన్నీ తీసేసి వేరే దెబ్బలు పెట్టేద్దాం. మా దగ్గర రెడీగా నాలుగు వేల స్నేర్ దెబ్బలున్నాయి. అన్నీ మంచి మంచి డ్రమ్మర్లవే. అరగంట పని."

"ఆయనకి చెబుతావా?"

"అయ్యో, ఎందుకు మేడమ్? బాధపడతారు. పెద్దవాళ్ళ మనసు నొప్పించకూడదు కదా."

నాకు ఒళ్ళు మండింది. మా దేశంలో ఇదొక జబ్బు. పెద్దవాళ్ళ దగ్గర దాచిపెట్టి దానికి మర్యాద అని పేరు పెడతాం. డాక్టర్లూ అంతే, కొడుకులూ అంతే, రికార్డు కంపెనీలూ అంతే. చివరికి ఆ పెద్దమనిషి తన జీవితంలో ఏం జరిగిందో తెలియకుండానే అందరి చేతా దండాలు పెట్టించుకుంటూ తిరుగుతుంటాడు.

"చూడు నాయనా. ఆయన రికార్డులో ఇంకొకళ్ళ చేతులు పెట్టి, పైన ఆయన పేరేస్తావా? దానికన్నా పేరు తీసెయ్. అది ఆయనకి అలవాటే."

నామ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "మరి ఇలా వదిలేస్తే వినేవాళ్ళు పెద్దాయనకి చాతకాలేదనుకుంటారండీ. అది మాత్రం మంచిదా?"

వాడు చెప్పింది నిజం. రికార్డు చేసింది చేసినట్టు వింటే ఆ దెబ్బ మనిషి దెబ్బలా లేదు, ఆసుపత్రి మంచం మీద తెల్లదుప్పటి కప్పినట్టుంది. తప్పు చేతిది కాదు, నాది. ఇప్పటి మైకులు, ఇప్పటి కంప్యూటర్ ఉన్నదున్నట్టు పట్టుకుంటాయి. ఎంత గట్టిగా కొట్టారో చెబుతాయి గానీ ఎలా కొట్టారో చెప్పవు.

"శుక్రవారం నాలుగింటి దాకా ఆగు. ఒక్క దెబ్బ మార్చకుండా నిలబెడతాను."

"నిలబడకపోతే?"

"నీ ఇష్టం వచ్చింది పెట్టుకో."

నోరు జారాను. వాడు వంగి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇందులో నా సొంత పంతం కూడా ఉంది, దాచను. ముప్పై ఎనిమిదేళ్ళ క్రితం నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు స్టూడియోలో ఆడపిల్ల అంటే కాఫీ కలిపే మనిషి. ఇంజినీర్లు నాతో పని గురించి మాట్లాడేవారు కాదు, "మిస్ హ్యొన్, నాలుగు కాఫీలు," అంతే. ఒకరోజు దల్సిక్ గారు డ్రమ్ముల వెనకనుంచి లేచి వచ్చి, ముగ్గురు ఇంజినీర్లు కూర్చుని ఉండగా వాళ్ళని దాటుకుని, ట్రే పట్టుకున్న నా దగ్గరికొచ్చి, "మిస్ హ్యొన్, స్నేర్ ఎలా ఉంది?" అన్నారు. నేను మోత కాస్త పొడిగా ఉందన్నాను. ఆయన వెళ్ళి చర్మం వదులు చేసి మళ్ళీ వాయించారు. ఆ ముగ్గురి మొహాలు నాకింకా గుర్తే.

మంగళవారం పొద్దున నా దగ్గరున్న పాత యంత్రాల పెట్టెలన్నీ వరసగా పెట్టుకు కూర్చున్నాను. పని చెప్పడానికి సులువే. కంప్యూటర్లోంచి శబ్దాన్ని బయటికి తీసి, తీగ గుండా ఒక పాత పెట్టెలోకి పంపి, దాని కడుపులోంచి వచ్చిందాన్ని మళ్ళీ కంప్యూటర్లోకి తీసుకోవడం. ప్రతి పెట్టెకీ ఒక గుణముంటుంది. శబ్దం అందులోంచి వస్తూ వస్తూ ఆ గుణాన్ని కాస్త అంటించుకుని వస్తుంది. ఏ డ్రమ్ముకి ఏ గుణం కావాలో చెప్పగలగడమే నా విద్య. అది నాకొచ్చు. ఈ ఊళ్ళో నాకన్నా బాగా వచ్చినవాళ్ళుంటే తీసుకురండి, కూర్చోబెట్టి భోజనం పెడతాను.

మొదట నా దగ్గరున్న పేరుమోసిన కంప్రెసర్‌లోంచి పంపాను. పెద్ద దెబ్బల్ని అణిచి, చిన్న దెబ్బల్ని పైకి లేపడం దాని పని. లేపింది. కానీ స్నేర్‌తో పాటు పక్కనున్న ఇత్తడి తాళాల మోత కూడా లేచింది, పైగా ఆ దెబ్బ రేడియోలో రోజూ వినబడే నూరు పాటల్లో ఒకదానిలా తయారైంది. అందంగా ఉంది, ఆయనది కాదు. తీసేశాను.

తర్వాత జపాన్ స్పూల్ టేపు మిషను. పెద్ద డ్రమ్ముకి, అంటే కాలితో కొట్టేదానికి, అది అమ్మలాంటిది. టేపు మీదికి ఎక్కి దిగేసరికి ఆ దెబ్బ అంచులు కరిగి, కడుపులోకి తగిలేలా వచ్చింది. అది ఖాయం చేసుకున్నాను. కానీ స్నేర్‌ని అందులోంచి పంపితే మెత్తబడిపోయింది. అసలే మెల్లగా ఉన్నదాన్ని ఇంకా మెత్త చేస్తే ఏం లాభం? ఆ తర్వాత రెండు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెలు, బ్రాడ్‌కాస్టింగ్ వాళ్ళు పారేసిన, శబ్దాలు కలిపే ఒక మిక్సర్. సాయంత్రానికి నా చెవులు అలిసిపోయాయి, స్నేర్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

బుధవారం ఎలక్ట్రానిక్ సామాను దొరికే సెవూన్ దుకాణాల సముదాయానికి వెళ్ళాను. మూడో అంతస్తులో, వైర్ల చుట్టల మధ్య, ప్యో బాబాయ్ దుకాణం. ఎనభై మూడేళ్ళు. నేను పనిలోకి వచ్చిన కొత్తలో మా స్టూడియోలో ఉన్న లిమిటర్ ఆయన చేసిందే. లిమిటరంటే కంప్రెసర్‌కి పెద్దన్న లాంటిది, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. డెబ్బై నాలుగులో అమెరికన్ సైనిక శిబిరంలోంచి బయటికొచ్చిన గాజు వాల్వులతో, ట్రాన్స్‌ఫార్మర్లతో చేశాడు. స్టూడియో మూతపడ్డాక దాన్ని ఎవరూ కొనలేదు, మళ్ళీ ఈయన దగ్గరికే చేరింది.

"బతికే ఉన్నావుటే పిల్లా?" అన్నాడు తలెత్తకుండా. యాభై తొమ్మిదేళ్ళ మనిషిని పిల్లా అనడానికి ఈ ప్రపంచంలో ఆయనొక్కడే మిగిలాడు.

"మీరుండగా నాకేం తొందర బాబాయ్."

"ఏం కాలబెట్టావు?"

"ఏమీ కాలబెట్టలేదు. ఇది వినండి."

హెడ్‌ఫోన్లు ఇచ్చాను. సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, పాట మొత్తం విన్నాడు.

"ఎవరితను?"

"ఓమ్ దల్సిక్ గారు."

"ఆ పోకిరా? క్లబ్బుల్లో వాయించాలంటే శిబిరం వాళ్ళు పరీక్ష పెట్టేవాళ్ళు కదా, నేనూ వాడూ ఒకే రోజు వెళ్ళాం. పందొమ్మిదేళ్ళ వెధవ, మొదటిసారే అందరికన్నా పై గ్రేడు కొట్టేశాడు. నాకు అసలు గ్రేడే రాలేదు. ఆ రోజే గిటార్ అమ్మేసి ఈ కడ్డీ పట్టుకున్నా." హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎడమ చేతికేమైంది?"

"పక్షవాతం."

బాబాయ్ లేచి, అర కిందనుంచి బూడిదరంగు పెట్టెని, ఆ లిమిటర్నే, కాలితో ఇవతలికి లాగాడు. మోకాలి ఎత్తుంది. దుమ్ము తుడుస్తూ, "తీసుకుపో. పోటీలో ఓడిపోయినవాడు పంపించాడని చెప్పకు," అన్నాడు.

"ఎంత కరెంటుకి పెట్టాలి?"

"దాని మీద రాసి లేదూ? కళ్ళు లేవా?"

వెనక రేకు మీద నూట పదిహేడు వోల్టులని ఇంగ్లీషులో ఉంది. మా గోడల్లో వచ్చేది రెండువందల ఇరవై. మధ్యలో వోల్టేజీ తగ్గించే పెట్టె లేకుండా పాత సామాను నేరుగా గోడకి తగిలించి పొగ రప్పించని మనిషి నా తరంలో ఒక్కడూ ఉండడు. మా నాన్న పెళ్ళికానుక రేడియోని అలాగే తగలేశాడు, అమ్మ చచ్చేదాకా ఎత్తిపొడిచింది. అందుకే నా స్టూడియోలో ఖరీదైన తగ్గింపు పెట్టె ఒకటి ఉంది. దానికి ప్లగ్గు రంధ్రాలు రెండు వరసలు. నూట ఇరవై అమెరికా సామానుకి, వంద జపాన్ టేపు మిషనుకి. వీటిలో ఏది దేనిదో చూసుకోకుండా ఎవరైనా తగిలించారంటే నేను పెట్టే చీవాట్లకి వాళ్ళు మళ్ళీ నా గడప తొక్కరు.

ఆ మధ్యాహ్నమే నూట ఇరవైలో పెట్టి, వాల్వులు వేడెక్కేదాకా ఆగి, స్నేర్‌ని పంపాను. బాగుంది. ఆ మాట అనుకుంటూనే ఉసూరుమన్నాను. బాగుందంటే శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కాలా బాగుంది. దెబ్బల్ని పట్టుకుంది గానీ బిగుసుకుపోయింది. నా కుర్రతనంలో విన్నది ఇది కాదు. జ్ఞాపకం అబద్ధం చెబుతోందేమో అనుకున్నాను. ఈ వయసులో అలాంటి అనుమానం రావడం చాలా చేదుగా ఉంటుంది.

గురువారం మధ్యాహ్నం ఒక ముద్ద కిమ్చీ పులుసన్నం తిని వచ్చి, టేపు మిషనులో టేపు రాసుకునే తలలు శుభ్రం చేద్దామని దాని ప్లగ్గు పీకేశాను. ఇంతలో లిమిటర్‌ని నా కుర్చీ దగ్గరికి జరుపుకుంటే సర్దుబాటు సులువవుతుందనిపించింది. దాని ప్లగ్గు కూడా పీకి, పెట్టెని ఈడ్చుకొచ్చి, మళ్ళీ తగిలిస్తున్నాను. అప్పుడే నామ్ ఫోన్ చేశాడు.

"మేడమ్, మీకు శ్రమ ఎందుకని, ఎందుకైనా మంచిదని, నేను వేరే దెబ్బలతో ఒకటి తయారు చేసి ఉంచానండీ. రేపు రెండూ వినొచ్చు."

"నేనింకా చచ్చిపోలేదు నాయనా, అప్పుడే పూలదండ తెచ్చావా?" అని ఫోన్ పెట్టేసి, ప్లగ్గు కసిగా నొక్కాను. టీ కలుపుకుని, వాల్వులు వేడెక్కాక పాట వేశాను.

నాలుగో దెబ్బకి నా చేతిలో కప్పు ఆగిపోయింది.

పెద్ద డ్రమ్ము పడ్డప్పుడల్లా ఆ పెట్టెలోంచి వచ్చే శబ్దం ఒక్క అంగుళం కిందికి వంగుతోంది. మళ్ళీ తీరిగ్గా పైకి లేస్తోంది. ఆ లేచే సమయంలో ఎడమ చేతి దెబ్బ దానితో పాటు పైకి వస్తోంది, అన్నం ఉడికేటప్పుడు మూత లేచినట్టు. దెబ్బ పెద్దది కాలేదు, దగ్గరికొచ్చింది. చర్మం వినబడుతోంది, పుల్ల వినబడుతోంది, అడుగున తీగలు గరగరలాడటం వినబడుతోంది. నిన్నటి వరకూ చాతకానితనంలా వినబడిన మెల్లని దెబ్బలు ఇప్పుడు గొంతు తగ్గించి చెప్పిన మాటల్లా ఉన్నాయి. నా జ్ఞాపకం అబద్ధం చెప్పలేదు.

ఏం మారిందా అని వంగి చూశాను. లిమిటర్ ప్లగ్గు టేపు మిషను చోట్లో ఉంది. వంద వోల్టుల వరసలో. నేను. అందర్నీ చీవాట్లు పెట్టే నేను. ముక్కు పెట్టి వాసన చూశాను, కాలిన వాసన లేదు. మీటరు పెట్టి కొలిస్తే తొంభై ఆరు చూపించింది. నూట ఇరవైకి మార్చాను, మళ్ళీ ఇస్త్రీ చొక్కా. తొంభై ఆరుకి తెచ్చాను, ప్రాణం లేచొచ్చింది. నాలుగుసార్లు అటూ ఇటూ మార్చి, అప్పుడు ప్యో బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"బాబాయ్, మీ పెట్టెని తక్కువ కరెంటులో పెట్టాను, పొరపాటున. తొంభై ఆరు."

అవతల తిట్లు వస్తాయని ఫోన్ చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాను. రాలేదు. ముసలాయన నవ్వుతున్నాడు.

"తొంభై ఆరా? సరిగ్గా అంతే. అప్పట్లో నా దుకాణంలో గోడలోంచి వచ్చేదే అంత. ఊళ్ళో ఫ్యాక్టరీలన్నీ తాగేయగా మిగిలింది మాకు. ఆ కరెంటు మీదే నెల్లాళ్ళు కూర్చుని దాని చెవులు మెలేశాను."

"మరి రేకు మీద నూట పదిహేడని..."

"రేకు అమెరికా వాడిది. పెట్టె నాది."

"నిన్న చెప్పొచ్చు కదా."

"మర్చిపోయానే. అప్పట్లో ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది కదా, ఎక్కడ తగిలించినా అంతే వచ్చేది. ఇప్పుడు మీ కరెంటు మరీ మంచిదైపోయింది." కాసేపాగి, "బాగుందా?" అన్నాడు. ఆయన గొంతులో అంత బెరుకు నేనెప్పుడూ వినలేదు.

"ఇలాంటిది ఇంకెక్కడా లేదు బాబాయ్."

"నాకు తెలుసులే," అని పెట్టేశాడు.

సాయంత్రం వెలుగుండగానే పని ముగించాను. పెద్ద డ్రమ్ము టేపు మీంచి. స్నేరూ, గది మూలన పెట్టిన మైకూ బాబాయ్ పెట్టెలోంచి. తాళాలని మాత్రం ముట్టుకోలేదు. ఇల్లంతా పెట్టెలున్నాయని అన్నిటికీ పెట్టెలు తగిలించడం కొత్తవాళ్ళ సరదా. ఒక్క దెబ్బ మార్చలేదు. ఒక్కటి ముందుకీ వెనక్కీ జరపలేదు. ఇన్నేళ్ళలో నా పనికి నేను ఇంత గర్వపడింది లేదు, ఈ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

శుక్రవారం మూడున్నరకే తలుపు చప్పుడైంది. నామ్ అనుకున్నాను. దల్సిక్ గారు. తల మీద టోపీ, కుడిచేతిలో కమలాపళ్ళ సంచి, ఎడమ చెయ్యి కోటు జేబులో.

"మిస్ హ్యొన్, ఇవాళ వింటున్నారట కదా. నేనూ ఒక మూల కూర్చుంటానమ్మా."

"మూలెందుకు మాస్టారూ, మధ్యలో కూర్చోండి," అన్నాను.

పది నిమిషాలు తక్కువ నాలుగుకి నామ్ వచ్చాడు. ఆయన్ని చూడగానే వంగిన నడుము లేవలేదు. నన్ను బయట మెట్ల దగ్గరికి లాక్కెళ్ళాడు.

"మేడమ్, ఆయన్నెందుకు పిలిచారు?"

"పిలవలేదు. ఆయన పాట, ఆయనొచ్చారు."

"ఇప్పుడెలా? నేను తెచ్చింది ఎలా వేస్తాను?"

"మొదట అదే వెయ్యి."

"ఆయన ముందా?"

"ఆయన ముందు వెయ్యలేనిది ఆయన పేరు మీద ఎలా అమ్ముతావు?"

పెద్దమనిషిని కూర్చోబెట్టి కారణం చెప్పకుండా పొమ్మనడం వాడివల్ల కాదు. లోపలికెళ్ళి తను తెచ్చిన పాట వేశాడు.

చక్కగా ఉంది. అబద్ధమెందుకు. ప్రతి దెబ్బా గోడకి మేకు కొట్టినట్టు చోటు తప్పకుండా పడింది. దల్సిక్ గారు మొదట్లో తలూపారు. రెండో చరణం దగ్గర తలూపడం ఆగిపోయింది. పాట అయ్యేదాకా చాలా మర్యాదగా, నేల చూస్తూ విన్నారు.

"బాగా వాయించాడు," అన్నారు. "ఎవరీ అబ్బాయి?"

నామ్ తెర వైపు తిరిగాడు.

"అయ్యో, మొహమాటపడకండి బాబూ. నా చెయ్యి సంగతి నాకు తెలుసు. ఇతన్నే పెట్టండి, నేనేమీ అనుకోను. ముందే చెప్పుంటే మిస్ హ్యొన్‌కి మూడు రోజుల శ్రమ తప్పేది." కమలాపళ్ళ సంచి బల్ల మీదికి జరిపి, టోపీ సర్దుకుని లేచారు. "అతని పేరు కూడా వెయ్యండి. పేరు లేకుండా వాయించడం మంచిది కాదు."

నన్ను నేను తిట్టుకున్నాను. నామ్ ఒకడికి బుద్ధి చెబుదామని ఈ మనిషి గుండె మీద తన్నాను. పరిగెత్తినట్టే వెళ్ళి తలుపుకి అడ్డం నిలబడ్డాను.

"మాస్టారూ, ఇంకొకటుంది. అది విని వెళ్ళండి. నా మీద ఒట్టు."

ఆయన కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడ్డారు. నేను వేశాను.

మొదటి దెబ్బకే ఆయన తల తిరిగింది. ఎవరో వెనకనుంచి పేరుపెట్టి పిలిచినట్టు. ఇంకో నాలుగు దెబ్బలకి ఎడమ చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. తలుపు చెక్క మీద, పాటతో పాటు వాయించడం మొదలుపెట్టింది. గట్టిగా పడేచోట గట్టిగా, మెల్లగా పడేచోట మెల్లగా. పాటలో ఆలస్యమైన చోటల్లా తలుపు మీద కూడా అంతే ఆలస్యమైంది, వెంట్రుకవాసి తేడా లేదు. నామ్ తెర వైపు చూడటం మానేసి ఆ చేతినే చూస్తున్నాడు.

పాట అయింది.

"రెండో చరణం చివర ఒక దెబ్బుంది చూశారా," అన్నారు దల్సిక్ గారు మెల్లగా. "అక్కడ చెయ్యి రాలేదు. రమ్మన్నాను. వచ్చింది."

"విన్నానండీ," అన్నాడు నామ్. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సార్, నేను పెట్టింది మనిషి కాదండీ. రెడీమేడ్ దెబ్బలు. మీకు చెప్పకుండా మార్చేద్దామనుకున్నాను. క్షమించండి." ఈసారి నడుము వంచలేదు, మోకాళ్ళ మీద కూర్చుని నేలకి తల ఆనించాడు.

"లే బాబూ, లే. మా రోజుల్లో అయితే మనిషినే మార్చేసేవాళ్ళు, చెప్పకుండా." ఆయన వచ్చి మధ్య కుర్చీలో కూర్చున్నారు. ఎడమ చెయ్యి మోకాలి మీద, అందరికీ కనబడేలా. "మిస్ హ్యొన్, మళ్ళీ వెయ్యమ్మా. కాస్త గట్టిగా."

వేశాను. గోడలు అదిరేలా వేశాను. నామ్ కళ్ళు మూసుకుని విన్నాడు, వాణ్ణి అలా చూడటం నాకదే మొదటిసారి. ఎవరో ఇచ్చిన పెద్ద బహుమతి నా చేతిలో ఉన్నట్టు గర్వంతో నా వీపు దానంతటదే నిటారుగా అయింది. దల్సిక్ గారి మీద గర్వం, ఎక్కడో మూడో అంతస్తులో కడ్డీ పట్టుకు కూర్చున్న ఓడిపోయిన గిటారిస్టు మీద గర్వం, నా మీద నాకు గర్వం.

అయ్యాక నామ్ ముక్కు తుడుచుకుని, అట్ట వెనక అచ్చువేసే మాటల కాగితం తీశాడు.

"సార్, మీ పేరు ఇలా వేస్తున్నాం. 'డ్రమ్స్: ఓమ్ దల్సిక్.' సరిపోతుందాండీ?"

ఆయన కాగితం తీసుకుని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చాలాసేపు చూశారు. అచ్చులో తన పేరు చూసుకోవడం ఆయనకి అలవాటు లేదు.

"పక్కన 'రెండు చేతులూ' అని రాయి," అన్నారు.

నామ్ రాశాడు.